గోడ మీది బల్లి, పెట్టెలోని బల్లి

తెలుగులో "పెంచు" అనే క్రియకు కర్మలుగా వచ్చే ప్రాణులు చాలానే ఉన్నవి. ఆవును పెంచుతాము, మేకను పెంచుతాము, కోడిని, కుక్కను, చిలుకను పెంచుతాము. మా ప్రాంతంలో పట్టుపురుగును కూడా పెంచుతాము. "బల్లిని పెంచుట" అన్న ప్రయోగం మాత్రం నేను బడిలో పాఠాలు చెప్పినంత కాలమూ ఏ విద్యార్థి వ్యాసంలోనూ నాకు కనబడలేదు. బల్లికి మన భాష ఇచ్చిన క్రియలు వేరు. అది ఉంటుంది, ప్రాకుతుంది, ఒక్కొక్కప్పుడు మీద పడుతుంది, అన్నిటికంటె ముఖ్యంగా పలుకుతుంది. కుక్క మొరుగును, కాకి అరచును, కోడి కూయును. బల్లి మాత్రం పలుకును. చిలుకకూ వీణకూ ఇచ్చిన క్రియనే గోడ మీది ఈ అల్పప్రాణికి కూడా ఇచ్చిన భాష మనది.

పేర్లు చూడండి. బల్లి, గౌళి అన్నవి మనకు వాడుక. సంస్కృతంలో గృహగోధిక అన్నారు, అంటే ఇంటి ఉడుము. ముసలి అన్న పేరు కూడా అమరకోశంలో ఉన్నది (మన ముసలితనంతో దానికి సంబంధం లేదు). నాకు అన్నిటికంటె ఇష్టమైనది కుడ్యమత్స్యము. కుడ్యమంటే గోడ. గోడ మీద ఈదే చేప! ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, దీపం వెలుగులో బల్లి ఒక్క క్షణం నిలిచి మరుక్షణం జారిపోవడాన్ని ఓపికగా చూసినవాడే అయి ఉండాలి. ఇంగ్లీషువారి "గెక్కో" మలయా భాష నుండి వెళ్ళిన మాట. అక్కడి పెద్ద బల్లి అరుపును అనుకరిస్తూ పుట్టిన ధ్వన్యనుకరణ పదం. ఆ దేశంలోనూ బల్లికి దాని పలుకే పేరు అయినదన్నమాట.

ఇంతటి పాత పరిచయం ఉన్న ప్రాణిని ఇప్పుడు అద్దాల పెట్టెలో పెట్టి, దానికి జత కట్టించి, గుడ్లు పొదిగించి, పిల్లలను అమ్మే వ్యాపకం మా వైపుకు వచ్చింది. దాని మంచిచెడ్డలు నాకు తోచినంతలో చెప్పడానికే ఈ టపా.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుదారి మీది ఊళ్ళు. ఆ దారి దక్షిణంగా పోయి బెంగుళూరు చేరుతుంది. మా చీరలు, మా పట్టుగూళ్ళు, మా చింతపండు, చదువైపోయిన మా పిల్లలు, అందరూ ఆ దారినే పోతారు. తిరుగు రైలులో నగరపు అలవాట్లు వస్తాయి. కుక్కలలో కొత్త జాతులు వచ్చాయి, రంగుచేపలు వచ్చాయి, ఇప్పుడు "లెపర్డ్ గెక్కో" అనే చిరుతబల్లి వచ్చింది. అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్ ల రాతినేలలు దీని స్వస్థలం. పసుపుపచ్చని ఒంటి మీద నల్లని చుక్కలు, లావుపాటి తోక. మన ఇంటి బల్లి వలె ఇది గోడలెక్కదు, వ్రేళ్ళకు అతుక్కునే మెత్తలు లేవు. మన బల్లికి కనురెప్పలు లేవు, నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది, దీనికి రెప్పలున్నవి. అరచేతిలో పెట్టుకుంటే నిదానంగా కళ్ళు మూసి తెరుస్తుంది. పిల్లలు మనసు పారవేసుకోవడంలో ఆశ్చర్యం లేదు. నేనూ ఒక బంధువుల ఇంట చూశాను, ముచ్చటగానే ఉన్నది.

ధర్మవరంలో మగ్గమున్న ఇంట పుట్టి, అమ్మమ్మగారి ఊరిలో పట్టుపురుగుల పెంపకం చూస్తూ ఎదిగిన నా పూర్వవిద్యార్థి ఒకడు కొన్ని నెలల క్రిందట ఫోను చేశాడు. "అయ్యవారూ, మగ్గం మీద బ్రతకడం కష్టంగా ఉంది. బల్లుల పెంపకం మొదలు పెడదామనుకుంటున్నాను, బెంగుళూరులో కొనేవాళ్ళున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు. కాసేపు మాట్లాడిన తరువాత అసలు సంగతి బయటపడింది. చిరుతబల్లుల జతను ఇస్తానన్న మనిషే మరొక మాట కూడా అన్నాడట: "మీ పెనుకొండ గుండ్ల సందుల్లో పెద్ద రాతిబల్లులుంటాయి గదా, పట్టి తెస్తే వాటికీ డబ్బిస్తాను" అని. ఒక్కొక్క బల్లికి చెప్పిన వెల, వీడు రెండు రోజులు మగ్గం గుంటలో కూర్చుంటే వచ్చే కూలికి సమానం. ఆకలి లేనివాడు ఇటువంటి ప్రశ్నకు జవాబు సులభంగా చెప్పగలడు. పింఛను తీసుకునే నేను వాడికి ధర్మపన్నాలు వల్లించడం సభ్యత కాదు. అందుచేత వాడికి తెలిసిన విద్యతోనే విషయం చర్చించాను.

ప్రాణిని ఇంట్లో పెట్టుకుని దాని వంశం వృద్ధి చేయడం మా ప్రాంతానికి కొత్త కాదు. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టుకు బండ్ల మీద గూళ్ళు తెచ్చే రైతును అడిగి చూడండి. ఏ వేడిలో పురుగు ఆకు తింటుందో, ఏ తేమలో రోగం వస్తుందో, చాకీ దశలో ఆకు ఎంత లేతగా ఉండాలో, నాలుగు జ్వరాలలో ఏ జ్వరానికి పురుగు ఎన్నాళ్ళు కదలకుండా కూర్చుంటుందో, ఎప్పుడు చంద్రికల మీదికి ఎక్కించాలో, అన్నీ కంఠతా చెబుతాడు. పురుగులున్న గదికి వలలు బిగిస్తాడు: ఊజీ ఈగ రాకుండా, ఎలుక రాకుండా, ముఖ్యంగా బల్లి రాకుండా. పట్టుపురుగు బల్లికి పరమాన్నం. ఆ అమ్మమ్మగారింట బల్లిని తరమడమే బాల్యంలో వీడి పని. ఆ పిల్లవాడే ఇప్పుడు బల్లిని పెంచుతానంటున్నాడు గనుక, "మీ అమ్మమ్మ ఏమంటుంది?" అని అడిగాను. నవ్వాడు.

అయితే పట్టుపురుగు వేలయేళ్ళుగా మనిషి చేతిలో పడిన ప్రాణి. చైనాలో అడవి పురుగు నుండి మనిషి తీర్చిన రూపమది. దాని సీతాకోకచిలుక ఎగరలేదు. ఆకు తెచ్చి ముందు పెట్టకపోతే పురుగు చచ్చిపోతుందే గాని వెతుక్కుంటూ పోదు. మనము వదలివేస్తే దానికి వేరే లోకం లేదు. ఇటువంటి దానిని పెంపుడు ప్రాణి అనవచ్చును. బల్లి అటువంటిది కాదు. కొన్ని దశాబ్దాలుగా పెట్టెలలో పుడుతున్న చిరుతబల్లి సైతం రంగు మార్చుకున్నది గాని స్వభావం మార్చుకోలేదు. ఒంటరిగా తిరగడం, చీకటిలో వేటాడడం, పగలు రాతి క్రింద దాగడం దాని జన్మస్వభావం. చేతిలో కదలకుండా ఉన్నదంటే అది ప్రేమ అని మనము అర్థం చెప్పుకుంటున్నాము. మచ్చిక వేరు, ఓర్చుకొనుట వేరు. ఈ భేదం తెలియకుండా ప్రారంభించిన పెంపకం అంతా బంధనమే అవుతుంది.

సరే, బంధించాము. దానికి ఏమి కావాలి? పెట్టెలో ఒక కొన 31, 32 డిగ్రీల వేడి ఉండాలి, రెండవ కొన చల్లగా 25 ప్రాంతంలో ఉండాలి. బల్లి తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. ఇటు నుండి అటు, అటు నుండి ఇటు నడిచి సరిచేసుకుంటుంది. కుబుసం విడవడానికి తేమ గూడు ఒకటి. తినడానికి బ్రతికి ఉన్న ఇలకోడి పురుగులు, పిండిపురుగులు. వాటిమీద సున్నపు పొడి, డి విటమిను పొడి చల్లాలి. చల్లకపోతే ఎముకలు మెత్తబడి, దవడ వంగి, కాళ్ళు మెలికలు తిరిగి, నెలల తరబడి క్రుంగి చచ్చిపోతుంది. అంటే బల్లులను పెంచేవాడు ముందు పురుగులను పెంచాలి. చలిదేశాలవారు వ్రాసిన పుస్తకాలన్నీ వేడి ఎలా కల్పించాలో చెబుతాయి. మా ధర్మవరంలో వైశాఖమాసపు మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటి, కరెంటు పోయి, రేకుల ఇంట్లో అద్దాల పెట్టె నిప్పులగూడు అయినప్పుడు ఏమి చేయాలో ఆ పుస్తకాలలో లేదు. అడవిలోనైతే అది రెండు మూరల లోతు సందులోకి దిగిపోయేది. పెట్టెకు లోతు లేదు.

ఆయుర్దాయం సంగతి చెబితే మావాడు నమ్మలేదు. బాగా చూసుకుంటే చిరుతబల్లి పదిహేను, ఇరవై ఏళ్ళు బ్రతుకుతుంది. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ముచ్చటపడి కొనిపించుకున్న బల్లి, వాడి పెండ్లినాటికి కూడా ఆ పెట్టెలోనే ఉంటుంది. వాడు ఇంజనీరింగుకు పోతే పురుగులు పట్టి వేసేది ఎవరు? తల్లే గదా. మన ఇండ్లలో పెంపుడు జంతువుల చరిత్ర యావత్తూ తల్లుల చాకిరీ చరిత్రే.

గుడ్లు పొదిగించడంలో ఒక విచిత్రమున్నది, భాషాపండితుడనైన నాకు చాలా ఆశ్చర్యం కలిగించినది. చిరుతబల్లి పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగిన వేడిని బట్టి తేలుతుంది. 26, 27 డిగ్రీలలో పొదిగితే దాదాపు అన్నీ ఆడవి. 32 డిగ్రీల ప్రాంతంలో ఎక్కువ మగవి. ఇంకా వేడి పెరిగితే మళ్ళీ ఆడవి. తల్లిదండ్రుల పాలు అందులో లేదు, ఎండదే ఆ నిర్ణయం. ఒక్కొక్క విడతకు రెండు గుడ్లు, ఏడాదికి నాలుగైదు విడతలు. ఇక్కడ మావాడి చేత లెక్క కట్టించాను. ఐదు ఆడవాటిని పెడితే ఏడాదికి నలభై, యాభై పిల్లలు. మగవాటిని ఒకచోట ఉంచితే కొరుక్కుంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పెట్టె కావాలి. ప్రతి పెట్టెకు వేడి, తేమ, పురుగులు. కొనేవారు రాని ఏడు ఏమి చేస్తావు? పట్టుగూడు ధర పడిపోతే రైతు నష్టపోతాడు, కాని గూడు ఆకలితో అలమటించదు. బల్లి అలమటిస్తుంది. వదలివేయడానికి అది ఈ నేలది కాదు, వదలకూడదు.

కొనేవారికి మామూలు రంగు చాలదు. తెల్లనిది కావాలి, నారింజరంగుది కావాలి, చుక్కలు లేనిది కావాలి. దానికోసం దగ్గర రక్తంలోనే జతలు కడతారు. "ఎనిగ్మా" అని పేరుబడిన ఒక రంగురకం ఉన్నది. చూడడానికి మహా అందం, కాని ఆ రంగుతో పాటే నరాల జబ్బు వంశంలో దిగింది. తల వంకరగా పెట్టి, గిరగిరా తిరిగి, ఎదుట ఉన్న పురుగును కూడా పట్టలేక తప్పుతుంది. అది తెలిసి కూడా పెంచినవారున్నారు, కొన్నవారున్నారు. కోడిపుంజుకు కత్తి కట్టడం క్రూరమని మనకు తెలుసు. వంశానికే కత్తి కట్టడాన్ని ఏమనాలి?

ఇంతవరకు చెప్పినది పెట్టెలో పుట్టిన పరదేశపు బల్లిని గురించి. దానిని పెంచేవారందరూ పాపాత్ములని నేననను. శ్రద్ధ, ఓపిక, డబ్బు, చదువు ఉన్నవారు ఒకటి రెండింటిని చక్కగా చూసుకోగలరు. అటువంటి పిల్లలు ప్రాణిశాస్త్రం మీద మక్కువ పెంచుకోవడమూ జరుగుతుంది. పెంపకం వలన జాతులు నిలుస్తాయన్న వాదమూ ఉన్నది. న్యూ కాలెడోనియా ద్వీపాలలోని క్రెస్టెడ్ గెక్కో అంతరించిందనుకుంటుండగా 1994లో తిరిగి కనబడింది. ఇప్పుడు లోకంలో అనేక ఇండ్లలో అది పిల్లలను పెడుతున్నది. నిజమే. కాని ఆ ఇండ్లలోని వేలాది బల్లుల వలన ఆ ద్వీపాల అడవిలో బల్లులు ఒక్కటైనా పెరిగాయా? ఎలుకలు, నిప్పుచీమలు వాటి అడవిలోకి రావడం ఆగిందా? పెట్టెలో జాతి నిలవడము, నేలమీద జాతి నిలవడము రెండూ ఒకటి కావు.

దీనికి దృష్టాంతం దూరదేశాలలో వెదకనక్కరలేదు, మా జిల్లాల చరిత్రలోనే ఉన్నది. అది బల్లి కాదు, సాలీడు. మా ఊళ్ళకు ఉత్తరాన ఉన్న గుత్తి జంక్షన్ అందరికీ తెలుసు. అక్కడి రైల్వే కలపడిపోలో దొరికిన ఒక నీలిరంగు పెద్ద సాలీడును 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వర్ణించి పేరు పెట్టాడు. తరువాత శతాబ్దం పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మన శాస్త్రజ్ఞులు తిరిగి కనుగొన్నారు. గుత్తిలో అది ఎన్నడూ కాపురమున్నది కాదు, కలపదుంగలతో పాటు రైలెక్కి వచ్చిన అతిథి అని ఊహ. ఆ నీలం రంగు చూసి ఐరోపా, అమెరికాలలో సాలీళ్ళు పెంచేవారు వెర్రెత్తిపోయారు. దొంగతనంగా తరలిన కొన్నింటి సంతతి ఈనాడు అక్కడ డబ్బాలలో వేలుగా పెరుగుతున్నది. "గుత్తి" అన్న పేరు పలకడం రాని నోళ్ళు కూడా దానిని గుత్తి సాలీడనే పిలుస్తున్నవి. ఇక్కడ మాత్రం అది అత్యంత అపాయంలో ఉన్న జీవి అని 2008లోనే అంతర్జాతీయ పట్టికకెక్కింది. 2019లో ఆ ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం క్రిందికి తెచ్చారు. అంటే, మన అడవిలో పుట్టి, మన ఊరి పేరు పెట్టుకుని, మనకు కనబడకుండా పోతున్న జీవి అది. మన ఊళ్ళో ఎంతమంది దానిని బొమ్మలోనైనా చూశారు?

రాతిబల్లుల విషయంలో నా భయమంతా ఇదే. మా కొండలను చూసి బయటివారు ఉత్త రాళ్ళగుట్టలంటారు. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారన్న పాఠం చెప్పడానికి పిల్లలను కోటకు తీసుకువెళ్ళినప్పుడల్లా, చరిత్ర వినవలసిన పిల్లలు గుండ్ల సందులలోకి తొంగిచూసేవారు. రాతి రంగులోనే, రాతి గరుకుతోనే, ఇంటి బల్లికి రెండింతలున్న బల్లి ఒకటి తలక్రిందులుగా అతుక్కుని ఉండేది. పిల్లల చూపు అటు పోయినందుకు నేనెన్నడూ కోప్పడలేదు. ఆ గుండ్లలో ఏమున్నదో పెద్దవారికి కూడా పూర్తిగా తెలియదు. మాకు ఆగ్నేయంగా, మదనపల్లె దగ్గర, జిడ్డు కృష్ణమూర్తి పాఠశాల ఉన్న రిషీవ్యాలీ రాళ్ళలో 2016లో ఒక కొత్త బల్లిజాతిని, 2020లో మరి రెండింటిని శాస్త్రజ్ఞులు వర్ణించారు. మూడింటికీ ఆ లోయ పేరే పెట్టారు. 2022లో ఆంధ్ర, ఒడిశాల తూర్పు కొండల నుండి చిరుతబల్లులలోనే ఒక కొత్త జాతి, ఒంటి మీద రంగులు పూసినట్టుండేది, లోకానికి పరిచయమైంది. అడవిలో కనబడితే విషజంతువని కొట్టి చంపే జీవి! విషం లేదు, ఏమీ లేదు.

శేషాచలం కొండల బంగారు బల్లి కథ మరీ పాతది. 1870లో బెడ్డోమ్ అనే సైనికాధికారి వర్ణించాడు, తరువాత కనబడక, 1980ల నడుమ మళ్ళీ దొరికింది. రాత్రిపూట సెలయేటి ప్రక్కన బండల మీద పసుపురంగులో మెరుస్తుంది, బండల అడుగున అనేక బల్లులు ఒకేచోట గుంపుగా గుడ్లు అతికిస్తాయి. వన్యప్రాణి రక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో దానిని చేర్చారు. ఇటువంటి జీవులలో కొన్నింటి నివాసం ఒక్క కొండ, లేదా నాలుగు గుట్టలు. ఒక్కొక్కసారికి రెండే గుడ్లు. ఒక కుర్రవాడు నెలరోజులు టార్చిలైటు పట్టుకుని తిరిగితే ఒక గుట్ట ఖాళీ చేయగలడు. ఇది అతిశయోక్తి కాదు. చైనా, వియత్నాం సరిహద్దులో 1999లో ఒక అందమైన బల్లిజాతిని వర్ణించి, దొరికిన చోటు కూడా వ్రాశారు. ఆ వ్రాత చదివినవారే వెళ్ళి అక్కడి వాటిని ఊడ్చివేశారు. అది మొదలు కొందరు శాస్త్రజ్ఞులు కొత్త జాతులు దొరికిన చోటును దాచి వ్రాస్తున్నారు. 2009 డిసెంబరులో ఒక జర్మనీ పెద్దమనిషి న్యూజిలాండు విమానాశ్రయంలో 44 బల్లులను లోదుస్తులలో కుట్టుకుని పట్టుబడ్డాడు, జైలుకూ వెళ్ళాడు. నవ్వు వస్తుంది గాని, ఆ లోదుస్తుల గొలుసుకు మొదటి కొనలో ఎక్కడో ఒక పేదపిల్లవాడు, చేతిలో ఒక టార్చిలైటు ఉండనే ఉంటాయి. జైలుకు వెళ్ళవలసి వస్తే ముందు వెళ్ళేదీ వాడే.

మావాడికి చట్టం సంగతి కూడా క్లుప్తంగా చెప్పాను. షెడ్యూలులో ఉన్న మన జీవిని పట్టడం, ఇంట ఉంచడం, అమ్మడం నేరం. 1972 చట్టాన్ని 2022లో సవరించాక, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలలోని పరదేశపు జీవులను ఉంచుకున్నవారు కూడా నమోదు చేయించుకోవాలి, పుట్టుకలూ చావులూ తెలియజేయాలి. దీనికి 2024లో నియమాలు వచ్చాయి. పెంపుడు ప్రాణులను అమ్మే దుకాణానికి 2018 నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు ఉండాలి. "రసీదు లేకుండా సంచిలో పెట్టి ఇచ్చేవాడి దగ్గర ఏదీ కొనవద్దు, వాడికి ఏదీ అమ్మవద్దు" అన్నాను. వ్యవహారజ్ఞానానికి అంతకంటె పెద్ద సూత్రం నాకు తెలియదు.

ఇప్పుడు ఇంటి బల్లి దగ్గరికి వస్తాను, ఎందుకంటే పెట్టెలోని బల్లిపై మనకున్న మోజుకూ, గోడ మీది బల్లిపై మనకున్న రోతకూ పొత్తు కుదరడం లేదు. వేలు పోసి పరదేశపు బల్లిని కొన్న ఇంట్లోనే, గోడ మీది దానిని చీపురుతో కొట్టడం నేను చూశాను. పంచాంగం చివర బల్లిపాటు పట్టిక ఇంకా అచ్చవుతున్నది: తలమీద పడితే ఇది, భుజం మీద పడితే అది, మగవారికి కుడి, ఆడవారికి ఎడమ. పడిన వెంటనే స్నానం, దీపం. కంచి వరదరాజస్వామి కోవెలలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకివచ్చినవారికి దోషమంటదట. ఊరికంతా శకునం చెప్పే బల్లి తాను కుడితి తొట్టిలో పడిందని సామెత చెప్పుకుని నవ్వే జాతి, ఆ పట్టికను మాత్రం వదలలేదు. నేను పండిత శిక్షణ పొందినవాడనే, శకునశాస్త్రపు సంస్కృతం చదివినవాడనే. అందులో బల్లిని గురించి కంటె మనిషి భయాన్ని గురించే ఎక్కువ ఉన్నదని నా అభిప్రాయం. అయితే ఆ శాస్త్రం ఒక మేలు చేసింది: బల్లిని చంపితే పాపమని కూడా చెప్పింది. శకునం మీద నమ్మకం పోయిన ఇండ్లలో ఆ పాపభీతి కూడా పోయి, చీపురు మిగిలింది.

హాస్టలు సాంబారులో బల్లి పడిందని, పిల్లలు ఆసుపత్రి పాలయ్యారని వార్త వచ్చినప్పుడల్లా బల్లి విషమన్న మాట ఊరంతా తిరుగుతుంది. మన ఇంటి బల్లికి విషం లేదు. దాని ఒంటి మీద, రెట్టలో రోగకారక సూక్ష్మజీవులుండవచ్చు. కనుక ఆ సాంబారు పారబోయాలి, పాత్రల మీద మూతలు పెట్టాలి, పెంపుడు బల్లిని ముట్టినా చేతులు సబ్బుతో కడగాలి. అంతే విషయం. వంటగదిలో మూత పెట్టనివారి తప్పు బల్లి నెత్తిన వేయడం న్యాయం కాదు.

బల్లి మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఒకటి. పెట్టె కొనకముందు ఒక సంవత్సరం మీ ఇంటి గోడ చూడండి. ట్యూబులైటు దగ్గర ఎన్ని ఉంటాయి, ఏది ఏ మూల నుండి వస్తుంది, తోక తెగినది తిరిగి మొలిపించుకోవడానికి ఎన్నాళ్ళు పట్టింది, వ్రాసుకోండి. తెగిన తోక స్థానంలో వచ్చేది పాతదానివలె ఉండదు, రంగు తేడా తెలిసిపోతుంది. దాన్ని బట్టి గుర్తు పట్టవచ్చు. క్యాలెండరు వెనుకో, పాత పుస్తకాల అలమరలోనో శనగగింజంత తెల్లని గుడ్లు రెండు కనబడితే తేదీ వేసుకోండి. సుమారు నెలన్నర, రెండు నెలలలో పిల్లలు వస్తాయి. నున్నని గాజు మీద అది ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ మధ్యదే. వ్రేళ్ళ క్రింది కంటికి కనబడని లక్షలాది నూగు, గాజుకు అణువుల మధ్య ఉండే మామూలు ఆకర్షణతోనే అంటుకుంటుందని 2000, 2002 సంవత్సరాలలో అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించారు. జిగురు లేదు, గాలి పీల్చే గిన్నెలు లేవు. కుడ్యమత్స్యం గోడమీద ఈదే రహస్యం ఇన్నాళ్ళకు బయటపడింది. ఈ చూడడానికి ఖర్చు లేదు, అనుమతి అక్కరలేదు, ఊరికి పోతే పురుగులు వేసేవారిని వెదకనక్కరలేదు.

మా విద్యార్థి సంగతి అడుగుతారు కనుక చెబుతాను. కొండబల్లులు తెమ్మన్నవాడికి కుదరదని చెప్పివేశాడట. చిరుతబల్లుల జత కొనాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో చాకీ పురుగులు పెంచి రైతులకిచ్చే షెడ్డులో కొన్నాళ్ళు పని నేర్చుకుంటానంటున్నాడు. అక్కడ నికరంగా జీతమిస్తారో లేదో చూడాలి. ఇవ్వకపోతే వాడు మళ్ళీ అదే మనిషికి ఫోను చేయడని నేను పూచీ పడలేను. మగ్గం కూలి పెరగనంతకాలం పెనుకొండ బల్లికి పూర్తి రక్షణ లేదు.

హిందూపురం, పెనుకొండ, మడకశిర వైపు మిత్రులెవరైనా గుండ్ల మీద రాతిబల్లులను చూసి ఉంటే, ఎంత పొడవు, ఏ రంగు, పగలా రాత్రా, ఏ ఋతువులో చూశారో, మీ ఊళ్ళో దానిని ఏ పేరుతో పిలుస్తారో నాకు వ్రాయండి. పేర్ల జాబితా ఒకటి కూరుస్తున్నాను. ఏ గుట్ట, ఏ గుండు అన్నది మాత్రం వ్రాయకండి.